పంతులయ్యే దాకా పస్తులేనా?

(పలాసలో ఛాత్రోపాధ్యాయులు, నిరుద్యోగ ఉపాధ్యాయ అభ్యర్థులు, ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఇక్కడికి ఉపన్యాసం దంచడానికి రాలేదు. ఒక లెక్క మీ ముందు పెట్టడానికి వచ్చాం. మాలో బీఎడ్ చేసి పదేళ్లు దాటినవాళ్లు ఉన్నారు. డీఎస్సీ గట్టెక్కి బడిలో చేరినవాళ్లు ఉన్నారు. రెండు మూడు సార్లు రాసి దక్కక ప్రైవేటు స్కూల్లో పాఠం చెబుతూ వేసవిలో జీడితోటల కాపలాకు పోతున్నవాళ్లూ ఉన్నారు. కాబట్టి మేము చెప్పేది ఎవరి దగ్గరో విని చెప్పేది కాదు.

ముందుగా ఒక సంగతి చెబుతాం. పేర్లు చెప్పం, కాలేజీ పేరూ చెప్పం. ఇది ఒక్క కాలేజీ తప్పు కాదు, ఒక పద్ధతిలోనే ఉన్న తప్పు. మాతోపాటు చదివిన ఒక చెల్లెలి తల్లి ఇక్కడే జీడి బట్టీలో పనిచేస్తుంది. జీడి పిక్క కొట్టీ కొట్టీ ఆమె వేళ్లు నల్లబడిపోయాయి. ఎంత తోమినా ఆ నలుపు పోదు. మొన్న 2025లో డీఎస్సీ సర్టిఫికెట్ల పరిశీలనకు రమ్మని కబురొచ్చింది. చెల్లెలి బీఎడ్ సర్టిఫికెట్ కాలేజీలో ఉంది. ప్రభుత్వం నుంచి ఫీజు రాలేదు, వచ్చినప్పుడు తిరిగి ఇస్తాం, ముందు మీరు కట్టి తీసుకుపొండి అన్నారు. తల్లి చెవి కమ్మలు తాకట్టు పెట్టి కాగితం విడిపించుకుంది. ఆ రోజు ఆ తల్లి అన్న మాట మాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. "ఏటి బాబూ, సర్కారోలు ఫీజు కడతామన్నారు గదా, మరి మా పిల్ల కాయితం ఆలకాడ కుదవ ఎందుకున్నాది?"

ఆ తల్లి అడిగిన ప్రశ్నకు సమాధానం వెతకడమే ఇవాళ మన పని.

బీఎడ్ అంటే ఫీజు ఒక్కటేనా?

ఒకప్పుడు బీఎడ్ ఏడాది కోర్సు. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014 నిబంధనలతో 2015–16 నుంచి రెండేళ్లయింది. మంచి ఉపాధ్యాయుడు తయారు కావాలంటే ఏడాది చాలదన్నారు. కాదనం. 2012లో జస్టిస్ వర్మ కమిషన్ దేశంలో ఉపాధ్యాయ శిక్షణ ఎంత నాసిగా ఉందో వివరంగా చెప్పింది. శిక్షణ సంస్థల్లో దాదాపు 90 శాతం ప్రైవేటు చేతుల్లోనే ఉన్నాయని కూడా చెప్పింది. కానీ కోర్సును రెట్టింపు చేసిన వాళ్లు ఒక చిన్న విషయం మరిచిపోయారు. డిగ్రీ అయిన పిల్లవాడు రెండేళ్లు సంపాదన లేకుండా ఎలా బతుకుతాడు? ఆ రెండేళ్లు ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుంది?

ఉద్దానంలో డిగ్రీ అయిన మగపిల్లవాడంటే ఇంటికి ఒక సంపాదనపరుడు. చెన్నై పోయినా, హైదరాబాదు పోయినా, వేరావల్ బోటెక్కినా, గల్ఫు పోయినా, మిలిటరీలో చేరినా ఇంటికి నాలుగు రూపాయలు పంపుతాడు. ఆడపిల్లయితే పెళ్లి మాట మొదలవుతుంది. వీటన్నిటినీ ఆపి రెండేళ్లు శిక్షణకు పంపుతున్న తల్లిదండ్రులు కట్టేది ఫీజు ఒక్కటే కాదు. రాని సంపాదన కూడా వాళ్లు కట్టే ఫీజే. దాన్ని ఏ ప్రభుత్వమూ రీయింబర్స్ చేయదు.

దాని మీద మిగతా ఖర్చులు వేసుకోండి. ఎడ్‌సెట్ దరఖాస్తు, కౌన్సెలింగ్, బస్సు చార్జీలు, పరీక్ష ఫీజు, రికార్డులు, లెసన్ ప్లాన్లు, చార్టులు, బోధనోపకరణాలు. కోర్సు అయ్యాక టెట్. టెట్ అయ్యాక డీఎస్సీ కోచింగ్. శ్రీకాకుళం పిల్లవాడు కృష్ణా జిల్లా అవనిగడ్డ దాకా పోయి గది అద్దెకు తీసుకొని చదువుతున్నాడంటే సరదాకు పోలేదు. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలియని ఉద్యోగానికి తల్లిదండ్రుల రెక్కల కష్టాన్ని పందెం కాసి పోతున్నాడు.

సీటు ఒక చోట, ఉద్యోగం ఒక చోట

ఇక్కడ ఉద్యోగ మిత్రులకు బాగా తెలిసిన ఒక విషయం విద్యార్థులకు చెప్పాలి. 371–డి కింద వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వులు రెండు. 1974 ఉత్తర్వు కాలేజీ సీట్ల గురించి. 1975 ఉత్తర్వు ఉద్యోగాల గురించి. టీచరు ఉద్యోగానికి స్థానికత అంటే జిల్లా. మన జిల్లా పోస్టుల్లో 80 శాతం మన జిల్లా వాళ్లకే. కానీ సీటు విషయంలో స్థానిక ప్రాంతం ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతమంతా. శ్రీకాకుళం నుంచి ప్రకాశం దాకా పాత ఎనిమిది జిల్లాలు ఒకే గాటన ఉన్నాయి. కవిటి పిల్ల గుంటూరు పిల్లతో పోటీపడి సీటు తెచ్చుకోవాలి. తెచ్చుకున్న సీటు ఎక్కడొస్తుందో తెలియదు. విజయనగరమో, విశాఖో, ఇంకా అవతలో.

అంటే ఏమిటి? మన ప్రాంతపు పిల్లలకు ఫీజు కన్నా తిండీ నివాసమూ పెద్ద సమస్య. ఇంటి పక్క కాలేజీ ఉన్నవాడికీ, రెండు వందల కిలోమీటర్ల అవతల గదిలో ఉండి వండుకు తినేవాడికీ ఒకే కొలత పెడితే అది సమానత్వం కాదు. జిల్లాలో డీఎడ్‌కు వమరవల్లి డైట్ ఉంది. బీఎడ్ దగ్గరికి వచ్చేసరికి మన పిల్లల్లో ఎక్కువమందికి ప్రైవేటు కాలేజీయే దిక్కు.

ఇచ్చారు, కానీ ఎలా ఇచ్చారు?

ఏ ప్రభుత్వమూ ఏమీ చేయలేదని మేము అనం. చేసినదాన్ని చేసినట్టే చెప్పాలి. ఎస్సీ విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944లో, బ్రిటిషు కాలంలోనే, అంబేద్కర్ వైస్రాయ్ కౌన్సిల్లో ఉన్నప్పుడు మొదలైంది. ఉమ్మడి రాష్ట్రంలో 2008–09లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంట్‌ను పెద్ద ఎత్తున తెచ్చింది. 2019 నవంబరులో అది జగనన్న విద్యా దీవెన అయింది. 2020 ఫిబ్రవరి 24న విజయనగరంలో వసతి దీవెన మొదలైంది. 2021 నుంచి ఫీజు డబ్బు తల్లుల ఖాతాల్లో వేశారు. 2024లో ప్రభుత్వం మారాక పథకాల పేర్లు మళ్లీ పాత పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌గా మారాయి. డబ్బు నేరుగా కాలేజీకే అన్నారు.

పేరు మారింది. ఖాతా మారింది. మారనిది ఒక్కటే, ఆలస్యం. తల్లి ఖాతాలో వేసినప్పుడు విడతలు ఆలస్యమై కాలేజీ వాళ్లు తల్లి మీద పడ్డారు. కాలేజీ ఖాతాలో వేస్తామన్నప్పుడు బకాయిలు పేరుకుపోయి కాలేజీ వాళ్లు పిల్ల సర్టిఫికెట్ పట్టుకున్నారు. రెండు ప్రభుత్వాల మధ్య బకాయి ఎవరిదన్న తగాదాలో నలిగింది మాత్రం పిల్లలే. మీ హయాంలోది మీరే చెప్పండని ఒకరు, మీరు వచ్చి ఇన్నాళ్లయింది కదా అని ఇంకొకరు. ఉద్దానం తల్లికి ఈ రెండు గొంతుల్లో తేడా ఏమీ వినిపించదు.

ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోరాదని 2018 అక్టోబరులో యూజీసీ స్పష్టంగా నోటిఫికేషన్ ఇచ్చింది. దాన్ని ఎన్ని కాలేజీలు గోడకు అతికించాయో మీరే చెప్పండి. విద్యార్థి వెళ్లి నోటిఫికేషన్ చూపిస్తే, నువ్వు లాయరువా అని అడిగే రోజులివి. కాలేజీ యాజమాన్యాల బాధ కూడా మాకు తెలుసు. అధ్యాపకులకు జీతాలివ్వాలి. కానీ ప్రభుత్వం పడిన బాకీకి పిల్ల కాగితాన్ని కుదువ పెట్టుకోవడం ఎక్కడి న్యాయం?

ఇక వసతి దీవెన లెక్క చూడండి. డిగ్రీ, ఆపై చదివేవాళ్లకు ఏడాదికి 20 వేలు, రెండు విడతల్లో అన్నారు. రోజుకు 55 రూపాయలు కూడా కాదు. పలాస బస్టాండు దగ్గర పూట భోజనం ఎంతో మీకు తెలుసు. ఆ 55 కూడా రోజూ వచ్చేది కాదు. పడినప్పుడు పడినట్టు. ఆకలి మాత్రం విడతల్లో రాదు కదా.

అర్హతల సంగతి సరేసరి. కుటుంబాదాయం రెండున్నర లక్షలు దాటకూడదు, హాజరు 75 శాతం ఉండాలి. అవి న్యాయమే. కన్వీనర్ కోటాలో సీటు రాక మేనేజ్‌మెంట్ కోటాలో చేరితే పైసా లేదు. దూరవిద్యలో చదివితే లేదు. కన్వీనర్ సీటు దూరంగా వచ్చి, ఇల్లు వదలలేక దగ్గర కాలేజీలో మేనేజ్‌మెంట్ సీటు తీసుకున్న ఆడపిల్ల ఎంత పేదదైనా ఈ లెక్కలోకి రాదు. తండ్రి డయాలసిస్‌లో ఉంటే ఆ పిల్ల ఇల్లు వదిలి ఎలా పోతుంది?

ఉద్దానం లెక్క వేరు

ఇక్కడే మన ప్రాంతపు ప్రత్యేకత మాట్లాడాలి. కవిటి, కంచిలి, సోంపేట, వజ్రపుకొత్తూరు, మందస, పలాస పల్లెల్లో కిడ్నీ జబ్బు గడప గడపకూ తెలిసిన మాట. కారణం ఇదీ అని శాస్త్రవేత్తలు ఈనాటికీ ఖాయంగా తేల్చలేదు. డయాలసిస్ రోగులకు 2019 నుంచి నెలకు 10 వేల పింఛను ఇస్తున్నారు. 2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. హిరమండలం నుంచి మంచినీళ్ల పథకం కూడా ఆ రోజే మొదలైంది. ఇవన్నీ పోరాడి తెచ్చుకున్నవే. కానీ ఇంటి యజమాని మంచాన పడ్డ కుటుంబంలో డిగ్రీ చదివిన పిల్ల రెండేళ్లు శిక్షణకు పోవాలంటే ఆ ఇంటికి మిగతా జిల్లాలతో పోలిక ఏమిటి?

ఇంకో దెబ్బ తుపాను. 2018 అక్టోబరు 11న తిత్లీ మన తీరాన్నే దాటింది. ఒక్క రాత్రిలో కొబ్బరి, జీడి, పనస తోటలు కూలిపోయాయి. రోజుల తరబడి కరెంటు లేదు, నీళ్లు లేవు. అదే నెలలో డీఎస్సీ నోటిఫికేషన్ వచ్చింది. 7,902 పోస్టులు. తోట కూలిన ఇంట్లో కిరసనాయిలు దీపం కింద చదివిన వాళ్లు ఈ సభలో ఉన్నారు. కొబ్బరి చెట్టు మళ్లీ కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లలోనే పిల్లల చదువు గడిచిపోతుంది. తోటను నమ్ముకొని బీఎడ్‌లో చేర్పించిన తండ్రి, 80 కిలోల జీడి పిక్కల బస్తాకు ఎవరు ఎంతిస్తే అంతకు అమ్మి ఫీజు కట్టాడు.

ఈ నేల ఉత్త చేతులతో కూర్చున్న నేల కాదు. 1940లో అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగింది ఈ పలాసలోనే. అదే ఏడాది మందస జమీందారు మీద తిరగబడి పోలీసు తూటాకు బలైన గున్నమ్మ మన ఆడపడుచు. 2010లో సోంపేట బీల కోసం, 2011లో కాకరాపల్లి కోసం ప్రాణాలిచ్చినవాళ్లు మన పల్లెల వాళ్లు. చిత్తడి నేల కోసం పోరాడిన ప్రాంతం బడి కోసం నోరు విప్పకపోతే ఎలా?

ఈ జిల్లాకూ పంతులుకూ ఉన్న బంధం కూడా చిన్నది కాదు. గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో బడిపంతులు. సవరలకు చదువు చెప్పాలని ముందు తాను సవర భాష నేర్చుకున్నాడు. 1960ల్లో కొండల్లో గిరిజనుల మధ్య పనిచేసిన వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం ముందు బడిపంతుళ్లే. కథానిలయం కట్టిన కాళీపట్నం రామారావును మనం కారా మాస్టారు అనే పిలుచుకున్నాం. వాళ్ల దారులు వేరు. కానీ ఎదుటివాడి బతుకు తెలిసినవాడే పాఠం చెప్పగలడని ముగ్గురు నలుగురూ వాళ్ల వాళ్ల పద్ధతిలో చూపించారు. ఇవాళ మెళియాపుట్టి, మందస కొండల్లో సవర పిల్లలకు సవర వచ్చిన పంతులు కావాలి. ఆ పంతులు ఎక్కడి నుంచి వస్తాడు? సవర గూడెం నుంచే రావాలి. గూడెం నుంచి డిగ్రీ దాకా వచ్చిన పిల్లను రెండేళ్ల తిండి ఖర్చుకు వెనక్కి పంపేస్తే, ఆ బడికి బయటి నుంచి వచ్చిన పంతులు ఎప్పుడు బదిలీ అవుతుందా అని ఎదురుచూస్తాడు. తప్పు అతనిది కాదు.

పని చేయించుకుంటారు, కూలి ఇవ్వరు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. రెండేళ్ల బీఎడ్‌లో ఛాత్రోపాధ్యాయుడు బడిలో ఇంటర్న్‌షిప్ చేయాలి. రెండో ఏడాదిలో 16 వారాలు. ఆ 16 వారాలూ అతను బడిలో ఏం చేస్తున్నాడు? పాఠం చెబుతున్నాడు. టీచరు లేని క్లాసు చూస్తున్నాడు. పరీక్ష పేపర్లు దిద్దుతున్నాడు. ప్రార్థన నుంచి మధ్యాహ్న భోజనం దాకా అన్నిటిలో ఉంటున్నాడు. ఇక్కడ కూర్చున్న హెడ్మాస్టర్లను అడగండి, వాళ్లు వచ్చిన నాలుగు నెలలు బడికి ఎంత ఊపిరాడుతుందో.

డాక్టరు చదివేవాడు హౌస్ సర్జన్ చేస్తే స్టైపెండ్ ఉంది. చార్టర్డ్ అకౌంటెంట్ దగ్గర ఆర్టికల్స్ చేసేవాడికి స్టైపెండ్ ఉంది. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద ఫ్యాక్టరీలో పని నేర్చుకునే గ్రాడ్యుయేట్‌కు కనీసం 9 వేలు ఇవ్వాలని 2019లో నిబంధనలు సవరించారు. మరి సర్కారు బడిలో పని నేర్చుకుంటూ పని చేసే గ్రాడ్యుయేట్‌కు? సున్నా. పైగా చార్టులు అతనే కొనుక్కోవాలి. యంత్రం దగ్గర నిలబడితే కూలి, పిల్లల ముందు నిలబడితే సేవ అంటారా?

ఇది కొత్త రోగం కాదు. 1980ల్లో నెలకు 398 రూపాయలకు పనిచేసిన స్పెషల్ టీచర్లు మనకు తెలుసు. ఆ తర్వాత విద్యా వాలంటీర్లు, అప్రెంటిస్ టీచర్లు వచ్చారు. 1998 డీఎస్సీ అభ్యర్థుల ఫైలు 2022లో కదిలి ఆ తర్వాత కనీస వేతన స్కేలుపై కాంట్రాక్టు పోస్టులొచ్చేసరికి వాళ్లలో చాలామందికి జుట్టు నెరిసిపోయింది. పంతులు తక్కువకే దొరుకుతాడన్న నమ్మకం పాలకులకు పాతుకుపోయింది.

పెద్దలు ఏమన్నారు, బయట ఏం చేస్తున్నారు?

మేము అడిగేది గొంతెమ్మ కోరిక అని ఎవరైనా అంటే 1964–66 కొఠారి కమిషన్ నివేదిక తెరిచి చూపించండి. ఉపాధ్యాయ శిక్షణ సంస్థల్లో ట్యూషన్ ఫీజు రద్దు చేయాలని, స్టైపెండ్లు, రుణాలు ధారాళంగా ఇవ్వాలని ఆ కమిషన్ సిఫారసు చేసింది. దానికి ఆరు పదులు నిండాయి. 2020 జాతీయ విద్యా విధానం చూపించండి. గ్రామీణ ప్రాంతాల్లో ప్రత్యేక మెరిట్ స్కాలర్‌షిప్‌లు ఇస్తామని, బీఎడ్ పూర్తయ్యాక వాళ్ల స్థానిక ప్రాంతంలోనే ఉద్యోగంలో ప్రాధాన్యం ఇస్తామని అందులో రాసి ఉంది. ఆ రెండు వాక్యాలను అమలు చేయండి అంటున్నాం, అంతే.

బయటి దేశాల సంగతి చూడండి. దక్షిణాఫ్రికాలో 2007 నుంచి ఫుంజా లుషాకా అనే బర్సరీ ఉంది. టీచరు చదువుకు ఫీజు, వసతి, పుస్తకాలు ప్రభుత్వమే భరిస్తుంది. ఎన్నేళ్లు ఆ సాయం తీసుకుంటే అన్నేళ్లు ప్రభుత్వం చూపిన బడిలో పనిచేయాలి. ఇంగ్లాండులో ఫిజిక్స్, లెక్కలు, కెమిస్ట్రీ చెప్పేవాళ్లు దొరక్క 2024–25లో శిక్షణ పొందేవాళ్లకు పన్ను లేని 28 వేల పౌండ్ల బర్సరీ ఇచ్చారు. సింగపూరులో శిక్షణ కాలంలోనే జీతం ఇస్తారు, బాండు రాయించుకుంటారు. వాళ్లు దానకర్ణులై ఇవ్వలేదు. తెలివైన పిల్లలు పంతులు పనికి రావాలంటే ముందు పస్తు తీరాలని లెక్క కట్టి ఇచ్చారు.

ఉద్యోగాలే లేనప్పుడు శిక్షణకు డబ్బెందుకు?

ఈ ప్రశ్న మన సభల్లోనే వస్తుంది. దాచకుండా మాట్లాడదాం. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ప్రాథమిక తరగతుల పోస్టులకు బీఎడ్ అర్హత కాదని తీర్పు చెప్పింది. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టుల్లో 6,371 సెకండరీ గ్రేడ్ పోస్టులు. బీఎడ్ ఒక్కటే ఉన్నవాళ్లకు ఆ తలుపు మూసుకుపోయింది. మిగిలింది ముఖ్యంగా 7,725 స్కూల్ అసిస్టెంట్ పోస్టులు, గురుకులాలు, మోడల్ స్కూళ్ల లాంటి చోట్ల ఉన్న పోస్టులు. వాటికి రాష్ట్రమంతా ఏళ్ల తరబడి పోగుపడిన బీఎడ్‌లు పోటీ. 2018 నోటిఫికేషన్ తర్వాత పెద్ద నోటిఫికేషన్ పూర్తవడానికి 2025 రావలసి వచ్చింది. 2019లో బీఎడ్ అయినవాడు ఆరేళ్లు కోచింగ్ సెంటర్ల చుట్టూ తిరిగాడు. అలాంటప్పుడు ఇంకా ఇంకా బీఎడ్‌లను తయారుచేయడం ఎందుకు అన్నది న్యాయమైన ప్రశ్నే.

మేము చెప్పేది ఇది. డబ్బు అందరికీ వెదజల్లమని మేము అడగడం లేదు. క్లాసుకు రాకుండా సర్టిఫికెట్ తీసుకొనే నాన్ అటెండింగ్ దందా మన రాష్ట్రంలో ఉంది. ఇతర రాష్ట్రాల నుంచి వచ్చి ఫీజు కట్టి పరీక్ష రోజున మాత్రమే కనిపించేవాళ్లూ ఉన్నారు. అలాంటి కాలేజీకి పోయే ప్రతి రూపాయీ నిజంగా చదివే పిల్ల నోటి దగ్గర కూడు. కాబట్టి కాలేజీ తనిఖీ గట్టిగా జరగాలి, సీట్లు అవసరానికి తగ్గట్టు ఉండాలి. ఏ సబ్జెక్టుకు, ఏ ప్రాంతానికి ఎంతమంది టీచర్లు కావాలో ముందే లెక్క వేసి, అంతమందిని మంచిగా తయారుచేసి, ఆ తయారయ్యే కాలంలో వాళ్లను బతికించాలి. తక్కువ మంది అయినా సరే, పేదింటి పిల్ల అందులో ఉండాలి. ఇప్పుడున్న పద్ధతిలో ఏం జరుగుతోంది? ఆరేళ్లు ఖాళీగా కూర్చోగల స్తోమతు ఉన్నవాడు నిలబడుతున్నాడు. తెలివి ఉండీ స్తోమతు లేనివాడు మధ్యలో దిగిపోతున్నాడు. ఈ వడపోతకు మెరిట్ అని పేరు పెట్టొద్దు.

డబ్బు లేదా?

2014 పునర్విభజన చట్టం మన ఉత్తరాంధ్రనూ రాయలసీమనూ వెనుకబడిన ప్రాంతాలుగా గుర్తించింది. బుందేల్‌ఖండ్ తరహా ప్యాకేజీ అన్నారు. చివరికి ఏడు జిల్లాలకు జిల్లాకు ఏడాదికి 50 కోట్ల చొప్పున మూడేళ్లు ఇచ్చారు. నాలుగో ఏడాది 350 కోట్లు వేసి వెనక్కి తీసుకున్నారు. వెనుకబాటుతనానికి కొలత ఏమిటి? రోడ్డూ కల్వర్టూ మాత్రమేనా? బడిలో లెక్కల టీచరు లేకపోవడం వెనుకబాటుతనం కాదా?

ఒక చిన్న లెక్క వేద్దాం. అప్రెంటిస్ చట్టం కింద 2019లో పెట్టిన ఆ 9 వేలే ఇంటర్న్‌షిప్ నాలుగు నెలలకు ఇవ్వండి. ఒక్కొక్కరికి 36 వేలు. వెయ్యి మందికి 3 కోట్ల 60 లక్షలు. జిల్లాకు ఇస్తామన్న ఆ 50 కోట్లలో పదో వంతు కూడా కాదు. డబ్బు లేక కాదు మిత్రులారా, పంతులు శిక్షణను ఖర్చు కింద రాసుకోవడం వల్ల వచ్చిన తంటా ఇది.

మనం అడగాల్సినవి

మొదటిది, బకాయి ఫీజులు కాలేజీలవారీగా ఎంతో బయట పెట్టి తేదీ చెప్పి చెల్లించాలి. చెల్లించే దాకా ఏ ఒక్కరి సర్టిఫికెట్టూ ఆగకూడదు. బాకీ ఉంటే ప్రభుత్వానికీ కాలేజీకీ మధ్య తేల్చుకోవాలి. ప్రొవిజనల్, మార్కుల జాబితా యూనివర్సిటీ నేరుగా విద్యార్థికి ఇవ్వాలి.

రెండోది, ఇంటర్న్‌షిప్ కాలానికి అప్రెంటిస్‌కు ఇచ్చినంత భత్యం నెలనెలా విద్యార్థి ఖాతాలో పడాలి.

మూడోది, వసతి సాయం నెలనెలా రావాలి, ధరలతో పాటు పెరగాలి. కిడ్నీ రోగులున్న కుటుంబాల పిల్లలకు, ఇల్లు వదలలేని ఆడపిల్లలకు కోటా అడ్డం రాకూడదు.

నాలుగోది, జాతీయ విద్యా విధానం మాట ఇచ్చిన గ్రామీణ స్కాలర్‌షిప్‌ను ముందు ఉద్దానంలోనూ మన్యంలోనూ మొదలుపెట్టాలి. తీసుకున్నవాళ్లం మన పల్లె బడుల్లో, గూడెం బడుల్లో పనిచేస్తామని బాండు రాస్తాం. ఊరికే అడగడం లేదు. ఇచ్చిన ప్రతి ఏడాదికీ ఒక ఏడాది పని తిరిగి ఇస్తాం.

ఐదోది, పలాస, టెక్కలి ప్రాంతంలో హాస్టలుతో కలిపి ప్రభుత్వ ఉపాధ్యాయ శిక్షణ కాలేజీ కావాలి. 2022లో పలాస రెవెన్యూ డివిజన్ అయింది. బోర్డు మారితే చాలదు.

ఆరోది, ఏటా ఒక తేదీకి డీఎస్సీ. ఖాళీలు ఎన్నో ఏటా ప్రకటించాలి.

ఉద్యోగ సోదరులకు ఒక మాట. మీ సంఘాల డిమాండ్ల పత్రంలో పీఆర్‌సీ, డీఏల పక్కన ఈ ఆరింటికీ చోటివ్వండి. రేపు మీ బడికి రావాల్సిన టీచరు ఇవాళ వేరే ఊళ్లో గదిలో వండుకు తింటున్న ఈ పిల్లే. మీరు బీఎడ్ చేసిన రోజుల్లో ఎవరి దగ్గర అప్పు చేశారో గుర్తు తెచ్చుకోండి.

విద్యార్థి మిత్రులకు ఒక మాట. ఇంటికి పోయాక మీ కాలేజీలో ఎవరి ఫీజు ఎంత బాకీ ఉందో, ఎవరి సర్టిఫికెట్ ఆగిందో రాయండి. తేదీలతో రాయండి. గొంతు పెద్దది చేస్తే రేపటికి మరిచిపోతారు, కాగితం మీద లెక్క పెడితే మరిచిపోలేరు. ఆ కాగితాలన్నీ కలిపి టెక్కలి, పలాస ఆర్డీవో కార్యాలయాల్లో ఇద్దాం. నకలు మన దగ్గర ఉంచుకుందాం.

మొదట చెప్పిన ఆ చెల్లెలి సంగతి అడుగుతారని తెలుసు. కమ్మలు ఇంకా తాకట్టులోనే ఉన్నాయి. ఉద్యోగం వచ్చింది. మొదటి జీతంతో విడిపిస్తానంటే తల్లి వద్దందట. "ముందు తమ్ముడి ఫీజు కట్టమ్మీ, కమ్మలేటి, ఎప్పుడైనా పెట్టుకుంతాను" అందట. వాడు కూడా బీఎడ్‌లో చేరుతున్నాడు.

వాడి కాగితం కుదువ పడకుండా చూడటం మన బాధ్యత.